ఎల్బీ నగర్ కొలత

మా బంధువుల్లో ఎవరి జాకెట్టు భుజం మీద నిలవక జారుతున్నా, ఏ పిల్లాడి యూనిఫాం నిక్కరు మోకాలు దాటి వేలాడుతున్నా, ఆఖరికి ఏ ఫంక్షన్‌లోనో షామియానా వచ్చిన జనానికంటే పెద్దదైపోయినా, ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది: "ఎల్బీ నగర్ కొలతనా ఏంది?" వెంటనే అందరూ నవ్వుతారు. ఆ ఎల్బీ నగర్ అంటే మా ఆవిడ నడిపే దుకాణం. ఆవిడా నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఒకటి రెండుసార్లు ఆ మాట నేనే ఎత్తుకున్నాను కూడా.

ఇక చాలు. ఎల్బీ నగర్ కొలతల్లో తప్పేమీ లేదు. తప్పు కంప్యూటర్‌లో నేను రాసిన ఒక అప్‌డేట్ క్వెరీలో ఉంది. అదెలా జరిగిందో, నేనెందుకు నోరు మూసుకున్నానో, మొన్న ఆదివారం ఎలా తెరిచానో ఇక్కడ రాస్తున్నాను. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ తలుచుకుంటే నవ్వొస్తుంది. చదివేవాళ్లూ నవ్వవచ్చు. కాకపోతే ఈసారి నన్ను చూసి నవ్వాలి.

మా అక్కకు దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో స్టేషన్ దిగాక వచ్చే సందుల్లో ఒకదాంట్లో లేడీస్ టైలరింగ్ దుకాణం ఉంది. నల్లగొండ పక్క పల్లె నుంచి ఒక్క మిషనుతో వచ్చి, హాస్టల్ పిల్లల చుడీదార్లు కుట్టి కుట్టి దాన్ని నిలబెట్టింది. ఆ దగ్గర్లోనే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నేను డేటాబేస్ పాఠాలు చెబుతాను. మా ఆవిడ గుంటూరు వైపు మనిషి. అదే ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రంట్ ఆఫీసు చూసుకునేది. మా పెళ్లి మాట ఎత్తినప్పుడు అక్క కాస్త మూతి తిప్పింది. ఆ పిల్ల వేసుకున్న జాకెట్టు ఆ పిల్లే కుట్టుకుందని తెలిశాక, ఆమెను వెనక్కి తిప్పి నిలబెట్టి, మెడ దగ్గర కుట్టు వేలితో తడిమి చూసి, "గీ చెయ్యి మా దుకాణంల ఉండాలె" అంది. అక్కడితో మా పెళ్లి ఖాయమైంది.

ఎల్బీ నగర్‌లో రెండో దుకాణం తెరిచినప్పుడు దాన్ని మా ఆవిడకే అప్పగించింది. కోయడం, కుట్టడం అంతా దిల్‌సుఖ్‌నగర్‌లోనే. కటింగ్ మాస్టర్ ఉండేది అక్కడ. ఎల్బీ నగర్‌లో గుడ్డ తీసుకోవడం, కొలతలు రాయడం, కుట్టి వచ్చాక ఇవ్వడం. అయితే మా ఆవిడ అందులో తన పద్ధతి ఒకటి పెట్టింది. మామూలుగా ఆడవాళ్లు టైలర్ దగ్గరికి ఆది జాకెట్టు పట్టుకుని వస్తారు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఇచ్చి, దీని ప్రకారం కుట్టమంటారు. మా ఆవిడ దాన్ని అటు పక్కన పెట్టి టేపు తీసేది.

"ఇది మీ పెళ్లినాటిది కదండీ. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇప్పటి మీకు కుట్టొద్దూ?"

కొలిచినంతసేపూ కబుర్లే. భుజం దగ్గర అత్తగారి సంగతి, చెయ్యి పొడవు దగ్గర ఆడబిడ్డ సంగతి. నడుము దగ్గరికి వచ్చేసరికి నవ్వులు. కొందరు కుట్టించుకునేదేమీ లేకపోయినా, బస్సు దిగి ఇంటికి పోయే దారిలో కాసేపు ఆగి పోయేవాళ్లు. ఆవిడకు ఆ టేపంటే ప్రాణం. ఇంటికొచ్చాక కూడా మెడలోంచి తీయడం మరిచిపోయి, దాంతోనే అన్నం వడ్డించేది.

ఈ రెండు దుకాణాల్నీ కలిపే పని నాది. ఎల్బీ నగర్ కంప్యూటర్‌లో ఒక టేబుల్, అంటే మనిషికో వరుస ఉండే పట్టిక, ఉండేది. మా ఆవిడ తీసిన కొత్త కొలతలు అందులో చేరేవి. మాస్టర్ గుడ్డ కోసేటప్పుడు చూసే కొలతలు సర్వర్ మీద ఉన్న ఇంకో టేబుల్లోవి. ఇక్కడ మారినవి అక్కడా మారాలి. అందుకోసం మా ఆవిడ సాయంత్రం దుకాణం కట్టేసే ముందు ఒక బటన్ నొక్కుతుంది. ఆ బటన్ వెనక ఉన్నది నా అప్‌డేట్ క్వెరీ, అంటే ఇక్కడి అంకెల్ని అక్కడ దించమని చెప్పే ఆదేశం.

మొదట్లో అది కదలనే లేదు. ఇన్‌స్టిట్యూట్‌లో రెండు టేబుళ్లూ నా కంప్యూటర్‌లోనే పెట్టి నడిపితే తాడు తెంచుకున్న దూడలా పరిగెత్తేది. సర్వర్ మీదికి వదలగానే, ఇది మార్చడానికి వీల్లేని క్వెరీ అంటూ తెర మీద ఒక పెట్టె వచ్చి కూర్చునేది. ఇంతలో అక్క ఫోను.

"తమ్మీ, గా వనస్థలిపురం మేడంది ఇంక పాత కొలతనే చూపిస్తున్నది. మాస్టర్ కత్తెర పట్టుకొని కూసున్నడు. కోయాల్నా వద్దా?"

"జర ఆగమనక్కా."

"ఇప్పటిదాంక ఆగిండు. ఇంక ఆగమంటే చాయ్ తాగనీకె పోతడు. పోయిండంటే మల్ల పొద్దుగూకినంకనే ఒచ్చుడు. గా మేడం నా నెత్తి మీద కూసుంటది."

అనుమతులు చూశాను. కనెక్షన్ తీసి మళ్లీ పెట్టాను. పాస్‌వర్డు మార్చాను. కారణమేమీ లేకుండా కంప్యూటర్ కూడా మార్చాను. చివరికి దొరికింది: సర్వర్ టేబుల్‌కు ప్రైమరీ కీ లేదు. అంటే ఏ వరుస ఏ మనిషిదో ఖాయంగా చెప్పే గుర్తు లేదు. అలాంటి టేబుల్‌ని నా ప్రోగ్రాం చదవడానికైతే తెరుస్తుంది కానీ, అందులో రాయనివ్వదు. ఇది నేను పిల్లలకు మొదటి వారంలోనే చెప్పే పాఠం. వెంటనే సర్వర్ టేబుల్లో ప్రతి వరుసకూ ఒక నంబరు ఇచ్చి దాన్ని కీ చేశాను. పెట్టె మాయమైంది.

అప్పుడు రెండో చిక్కు వచ్చింది. ఎల్బీ నగర్‌లో కస్టమర్ నంబర్లు ఒకటి నుంచి మొదలయ్యాయి, సర్వర్‌లోనూ ఒకటి నుంచే. ఇక్కడి నలభయ్యో నంబరు సరూర్‌నగర్ టీచరమ్మ అయితే, అక్కడి నలభయ్యో నంబరు కొత్తపేట నర్సమ్మ. ఆ నంబర్లతో రెండు టేబుళ్లనూ కలిపితే టీచరమ్మ కొలత నర్సమ్మకు పోతుంది. మరి దేనితో కలపాలి? మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడి ఉండగా తట్టింది: ఫోన్ నంబరు! రెండు టేబుళ్లలోనూ ఉంది. ఎవరిది వారిదే. ఇంకొకరిది కలిసే ప్రశ్నే లేదు. నాలో నేనే నవ్వుకున్నాను. ఎదుటి సీట్లో ఉన్నాయన ఎందుకైనా మంచిదని తన చొక్కా గుండీలు చూసుకున్నాడు.

నడిపాను. కదిలింది. ఎన్ని వరుసలు మారాయో తెర మీద చూపించింది. మేం పంపిన వాటికంటే మారినవి ఎక్కువగా ఉన్నాయి. నా క్లాసులో ఎవరైనా ఇలా చేసి ఉంటే చెవి మెలేసి, పంపినవాటికంటే ఎక్కువ ఎలా మారాయిరా అని అడిగేవాణ్ణి. నన్ను అడిగేవాళ్లు లేరు. ఎక్కువే మారాయి, మంచిదే అనుకుని, మిర్చి బజ్జీలు కట్టించుకుని ఇంటికి పోయాను.

నేను మరిచిపోయింది మా ఇళ్ల అలవాటు. ఎవరి ఫోను వాళ్లకు ఉండొచ్చు. దుకాణంలో నంబరు అడిగితే మాత్రం ఆడవాళ్లు చెప్పేది ఇంటి నంబరు. ఇంటి నంబరంటే ఇంటాయనది, లేకపోతే మోగగానే ఎత్తే కొడుకుది. అత్తకూ అదే, కోడలికీ అదే, కూతురికీ అదే. మా ఇంట్లో గ్యాస్ బుకింగుకూ, మా అమ్మ దవాఖాన చీటీకీ, మా ఆవిడ చీరల కొట్టుకూ కూడా నా నంబరే. రోజూ చూస్తున్నదే. ప్రోగ్రాం రాసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

అది బయటపడింది తుర్కయంజాల్ వాళ్ల పెళ్లికి. ఆ ఇంటి ఆడవాళ్లంతా మా దగ్గర పాతవాళ్లే. పెళ్లికూతురు, తల్లి, పెద్దకూతురు, కోడలు, నాయనమ్మ అందరూ ఒకే ఆటోలో ఇరుక్కుని వచ్చి ఎల్బీ నగర్ దుకాణం ముందు దిగారు. మా ఆవిడ ఒక్కొక్కరినీ నిలబెట్టి కొత్తగా కొలిచింది. నాయనమ్మ మోకాళ్ల నొప్పులని కుర్చీలో కూర్చుండిపోయి, అందరికంటే ఆఖర్న కొలిపించుకుంది. నాయనమ్మ దిట్టమైన మనిషి. నంబరు అడిగితే ఎప్పటిలాగే అందరికీ కలిపి పెళ్లికూతురి తండ్రి నంబరు చెప్పారు. సాయంత్రం మా ఆవిడ బటన్ నొక్కింది. సర్వర్‌లో ఆ నంబరున్న ప్రతి వరుస మీదికీ అయిదుగురి కొలతలూ ఒకదాని వెనక ఒకటి వెళ్లి పడ్డాయి. ఆఖర్న పడ్డది నిలిచింది. ఒక్క నొక్కుతో ఆ ఇంటి ఆడవాళ్లంతా నాయనమ్మలైపోయారు.

జాకెట్లు తీసుకోవడానికి వాళ్లు వచ్చిన రోజు నేనూ దుకాణంలోనే ఉన్నాను. పెళ్లికూతురు తెర వెనక్కి పోయి ఎంతకీ రాలేదు.

"ఏమైందే? మంచిగొచ్చిందా?" అంది తల్లి.

"అమ్మా, ఇండ్ల ఇంకొకరికి జాగ ఉన్నది. నువ్వు గూడ రా!"

తల్లి గబగబా తన జాకెట్టు విప్పి చూసింది. కోడలు తనది చూసింది. పెద్దకూతురు తనది ఎదమీద పెట్టుకుంటే అటూ ఇటూ రెక్కల్లా నిలబడింది.

"ఏందమ్మా గిది? మేం జాకెట్లు కుట్టియ్యమన్నమా, దిండు గలీబులా?"

నాయనమ్మ మాత్రం తనది వేసుకుని అద్దం ముందు నిలబడి అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది. "నాదైతే ముద్దుగ కుదిరింది. కుట్టినోళ్ల తప్పేం లేదు. మీరే సక్కగ తినక బక్కగైన్రు" అంది. కోపంతో ఎర్రబడ్డ తల్లి కూడా ఆ మాటకు నవ్వు ఆపుకోలేకపోయింది.

మేం బతికింది నాయనమ్మ మోకాళ్ల పుణ్యాన. సన్నగా ఉండే పెళ్లికూతురు ఆఖర్న నిలబడి ఉంటే, అందరి జాకెట్లూ బిగుతైపోయేవి. కోసిన గుడ్డను పెంచలేం. వదులైతే లోపలికి పట్టి కుట్టేయవచ్చు. ముహూర్తం జాకెట్టు మీద మగ్గం పని ఇంకా నడుస్తూ ఉంది కాబట్టి దానికి కత్తెర పడలేదు. అక్క దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక మిషన్‌ను ఆటోలో వేసుకుని వచ్చేసింది. మా ఆవిడ కుట్లు విప్పుతూ, అక్క కుడుతూ, నేను చాయ్‌లు మోస్తూ ఉంటే, నాయనమ్మ కుర్చీలో కూర్చుని పెళ్లిపాట ఎత్తుకుంది. సాయంత్రానికి వాళ్లు నవ్వుకుంటూనే వెళ్లారు. పోతూ పోతూ మమ్మల్ని పెళ్లికి పిలిచారు. మేం వెళ్లాం కూడా.

వాళ్లు వెళ్లాక అక్క మా ఆవిడ వైపు తిరిగింది.

"కబుర్లు చెప్పుకుంట కొలిస్తే గిట్లనే ఐతది పిల్లా. ఒకరిది కొలిచి అందరికి అదే రాసినవ్."

"లేదు వదినా. ఎవరికి వారిని కొలిచే రాశాను." తర్వాత నావైపు చూసింది. "ఏవండీ, మీరు చూడండి. నేను సరిగ్గానే రాశాను కదా?"

నేను అప్పటికే చూశాను. ఆవిడ టేబుల్లో అయిదుగురివి అయిదు రకాల కొలతలు, ఒక్క అంకె అటూ ఇటూ కాకుండా ఉన్నాయి. సర్వర్ టేబుల్లో అయిదూ ఒకటే. చూడగానే అర్థమైంది.

"చూడాలి" అన్నాను.

ఎందుకలా అన్నానంటే గొప్ప కారణమేమీ లేదు. అక్క ఆ రోజు కూడా తుర్కయంజాల్ వాళ్లతో, మా తమ్ముడు కంప్యూటర్ సార్ అని చెప్పి ఉంది. ప్రైమరీ కీ పాఠం చెప్పే సారు కీ దగ్గరే తప్పు చేశాడని అప్పటికప్పుడు చెప్పడానికి నోరు రాలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. మరునాడు ప్రతి మనిషికీ, ఏ దుకాణంలో మొదట వచ్చిందో తెలిసే ఒక అక్షరంతో సహా, సొంత నంబరు ఇచ్చి క్వెరీ తిరగరాశాను. అక్కతో మాత్రం సర్వర్‌లో చిన్న మార్పు చేశానన్నాను. ఆ మార్పు ఎందుకో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

అప్పటికే అక్క తన తీర్పు చెప్పేసింది: ఎల్బీ నగర్‌లో ఇక ఎవరినీ కొలవద్దు. ఆది జాకెట్టు తీసుకుని పంపితే చాలు. ఆ తర్వాత అలాంటి గొడవ మళ్లీ రాలేదు. కొలవడం ఆపించినందుకే రాలేదని అక్క నమ్మింది. మా ఆవిడ టేపు గోడ మేకుకు ఎక్కింది. దుకాణం నడుస్తూనే ఉంది. ఎవరైనా "ఏమ్మా, నువ్వు కొలవట్లేదా?" అని అడిగితే, "దిల్‌సుఖ్‌నగర్ వెళ్లండి, అక్కడ బాగా కొలుస్తారు" అనేది. నన్ను మళ్లీ ఏమీ అడగలేదు. ఇంతలో ఎల్బీ నగర్ కొలత బంధువుల నోట పడింది.

మొన్న ఆదివారం అక్క ఇంట్లో భోజనాలు. నాగోల్‌లో కొత్త అపార్ట్‌మెంట్ల మధ్య అక్క మూడో దుకాణానికి ఒక షట్టర్ చూసి వచ్చింది. కిరాయి మాట్లాడటం కూడా అయిపోయింది. దాన్ని ఎవరు చూసుకోవాలన్న మాట వచ్చింది.

"నేను చూసుకుంటాను వదినా," అంది మా ఆవిడ. "కానీ కొలతలు నేనే తీస్తాను. టేపు లేకుండా గుడ్డల సంచులు మోయడమే అయితే నాకొద్దు. ఎల్బీ నగర్ కూడా ఇంకెవరికైనా ఇచ్చేయండి, ఇన్‌స్టిట్యూట్‌లో మళ్లీ రమ్మంటున్నారు."

అక్క పెద్దగా పట్టించుకోనట్టే నవ్వింది. "ఎల్బీ నగర్ కొలత నాగోల్‌కు గూడ తెస్తవా ఏంది?"

అక్క కూతురు, నా మేనకోడలు, కిలకిలా నవ్వింది. మా ఆవిడ ఈసారి నవ్వలేదు. పప్పు కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆ చేతి మీది నుంచి నా చూపు పక్కకు పోలేదు. ఆవిడ దుకాణం వదిలేస్తుందని అప్పుడు నాకు ఖాయంగా అర్థమైంది.

చెయ్యి కడుక్కుని వచ్చి ల్యాప్‌టాప్ తీశాను.

"అక్కా, నీకొకటి చూపిస్త, ఇట్ల కూసో."

"ఏంది, సినిమానా?"

"మన ఇంటి సినిమానే."

రెండు చిన్న టేబుళ్లు పెట్టాను, మొదట్లో పెట్టినట్టే. వాటిలో మూడు పేర్లు: మా ఆవిడ, మేనకోడలు, అక్క. మేనకోడలి కొలతలు మా ఆవిడ తడుముకోకుండా చెప్పింది. తనవీ చెప్పింది. అక్కవి మాత్రం ఎవరికీ తెలియవు. ఊరందరినీ కొలిచే మా అక్క తనను ఎవరినీ కొలవనివ్వదు. నేనే ఒక అందాజా అంకె వేసి, ఆమెను ఆఖర్న పెట్టాను. అందరికీ నా ఫోన్ నంబరు వేశాను.

"మామా, అందరికి నీ నంబరేనా?" అంది మేనకోడలు.

"దుకాణంల అందరు ఇంటి నంబరే ఇస్తరు గద. అట్ల."

పాత క్వెరీ మళ్లీ రాసి నడిపాను. సర్వర్ టేబుల్ తెరిచి వాళ్ల వైపు తిప్పాను. మేనకోడలు వంగి చదివి అరిచింది.

"అమ్మా, నేను నీ అంత ఐన! అత్త గూడ ఐంది!"

అక్క కళ్లజోడు పెట్టుకుని చూసింది. "అందరం నేనే ఐపోయినమా?" అని మొదలుపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వు సగంలో ఉండగా ఆగింది.

"అంటే గా తుర్కయంజాల్ ముసలమ్మ..."

"ముసలమ్మ ఆఖర్న కూసున్నదక్కా. ఈమె కొలతలు సక్కగనే ఉండె. తప్పు నాది. నాకు ఆ దినమే తెలుసు."

మా ఆవిడ నావైపు చూసింది.

"నేను అప్పుడు మిమ్మల్ని అడిగాను."

"అవును."

"చూడాలి అన్నారు."

"అవును."

"ఇప్పుడు చూశారన్నమాట."

అక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది. చిన్నప్పుడు చరిచినంత గట్టిగా. "ఓరి బద్మాష్! ఇన్నొద్దుల సంది నాతోని ఆ పిల్లను అనిపిస్తివి గద!" తర్వాత తనలో తాను అన్నట్టు, "మాస్టర్ అడిగిండు. గీ ఇంట్ల ఆడోళ్లందరు ఒక్క తీరే ఉన్నరా అక్కా అని. కంప్యూటర్‌ల ఎంతుంటే గంత కోయ్ అన్న నేను. తల గూడ ఎత్తలె" అంది. ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి.

మా ఆవిడ వైపు చూడటానికి మొహమాటపడి అక్క మళ్లీ తెర వైపు చూసింది. అక్కడ తన పేరుకు ఎదురుగా ఉన్న అంకె అప్పుడు కనిపించింది.

"గిదేంది? నేను గింత ఉన్ననార?"

"అందాజగ వేసినక్కా."

"అందాజనా! నీ కండ్లల్ల దుమ్ము వడ. మూడు మిషన్లు పడతయి గింత నడుముల." తర్వాత గొంతు తగ్గించింది. "పిల్లా, నీ టేప్ ఏది?"

"ఎల్బీ నగర్‌లో మేకుకు వేలాడుతోంది వదినా."

మేనకోడలు లోపలికి పరిగెత్తి అక్క టేపు తెచ్చింది. మా ఆవిడ దాన్ని అందుకుని ముందు మెడలో వేసుకుంది. పాత అలవాటు. తర్వాత లేచి నిలబడింది.

"చేతులు ఎత్తండి వదినా."

అక్క చేతులు ఎత్తింది. భుజం దగ్గర మా ఆవిడ అంది, "నాగోల్‌లో అద్దం పెద్దది పెట్టిద్దాం. ఎల్బీ నగర్‌లో సగం మనిషే కనపడుతుంది." "పెట్టియ్యి," అంది అక్క, "కుర్చీ గూడ ఒకటి ఎయ్యి, ముసలోళ్లొస్తరు." నడుము దగ్గరికి వచ్చేసరికి, "గట్టిగ చదవకు" అంది. మా ఆవిడ అంకె ఆమె చెవిలో చెప్పింది. అక్క ముఖం విప్పారింది. "గంతేనా? ఇన్నవార?" అని నావైపు గెలిచినట్టు చూసింది. నేను విన్నది ఏమీ లేదు. అయినా తల ఊపి, అంకె సరిచేద్దామని ల్యాప్‌టాప్ దగ్గరికి జరిగాను.

"మీరు లేవండి," అంది మా ఆవిడ. "ఆ అంకె నేనే కొట్టుకుంటాను."